ఘాటు రాని మిరపకాయలు

పిల్లలూ, కుంకుమగిరి రాజ్యంలో రాజుగారి కోట కన్నా అంగళ్ళ వీధికే ఎక్కువ పేరు ఉండేది. పొద్దు వాలేసరికి ఆ వీధి పొడుగునా పొయ్యిలు వెలిగేవి. ఒకచోట ఉడికిన సెనగలు, ఒకచోట వేడి వేడి బజ్జీలు, ఇంకోచోట బెల్లం పాకంలో మునిగిన బూందీ. దూరదేశాల బాటసారులు గుర్రాలు దిగి, ఆకు దొన్నెలు చేతపట్టుకుని, నిలబడే తిని వెళ్ళేవారు.

ఆ వీధిలో సూరమ్మ అనే పిల్ల పునుగులు వేసేది. ఆమెకు అమ్మమ్మ తప్ప వేరే దిక్కు లేదు. ఎదురు కొట్టులో అచ్చాయమ్మ అనే పిల్ల గారెలు వేసేది. సూరమ్మ పునుగులు బాగానే ఉండేవి. కానీ ఆమె కళ్ళు తన మూకుడు మీద కన్నా ఎదురు మూకుడు మీదే ఎక్కువసేపు ఉండేవి. అచ్చాయమ్మ దగ్గర నలుగురు గుమిగూడితే చాలు, సూరమ్మ కడుపులో నిప్పురవ్వ పడినట్టుండేది. పోనీ అచ్చాయమ్మ గయ్యాళి అయినా బాగుండేది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేని పిల్ల. తెల్లారి లేస్తే సూరమ్మను నవ్వుతూ పలకరించేది. మంచివాళ్ళ మీద అసూయపడటం కష్టమైన పని. తిట్టుకుందామంటే ఒక్క కారణమూ దొరకదు.

ఒకనాడు ఆ వీధిలో ఒక బాటసారి గారె కొరికి, మొహం చిట్లించి ఉమ్మేశాడు. పక్కవాడు బజ్జీ కొరికి అదే పని చేశాడు. గారె, బజ్జీ, బూందీ అన్నీ తడి మట్టి నమిలినట్టు ఉన్నాయి. ఆనాటి నుంచి కుంకుమగిరిలో దేనికీ రుచి లేదు. ఉప్పు నాలిక మీద వేసుకున్నా ఇసుకలాగే ఉంది. పసిబిడ్డలు పాలు తోసేశారు. ముసలివాళ్ళు ముద్ద మింగలేక మంచాలు పట్టారు. సూరమ్మ అమ్మమ్మ కూడా మంచం పట్టింది.

వీధికి దిష్టి తగిలిందని అందరూ అన్నారు. దిష్టి తీసే పద్ధతి మీకు తెలిసిందే. గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తారు. దిష్టి లేకపోతే మిరపకాయల ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది. దిష్టి ఉంటే ఎన్ని కాల్చినా ఘాటే రాదు. వీధివాళ్ళు బుట్టలకొద్దీ మిరపకాయలు కాల్చారు. ఎవరికీ దగ్గు రాలేదు, రుచీ తిరిగి రాలేదు.

పోయిన రుచిని తెచ్చినవారికి అంగళ్ళ వీధి మీద సర్వాధికారమూ ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. అందరికన్నా ముందు అచ్చాయమ్మ బయలుదేరింది. రాజు ఆమెకు తన గుర్రం ఇచ్చాడు. వీధివీధంతా హారతులు పట్టి సాగనంపింది. సూరమ్మ తలుపు వెనక నిలబడి అదంతా చూసి, తిరిగి వచ్చి అమ్మమ్మ మంచం పక్కన కూర్చుంది. అమ్మమ్మ చెయ్యి ఎండుపుల్లలా ఉంది.

"నేనూ వెళ్తాను అమ్మమ్మా" అంది సూరమ్మ.

"నా కోసమేనా?" అని అడిగింది అమ్మమ్మ.

సూరమ్మ మొహం తిప్పుకుని మూట కట్టుకుంది. ముసలమ్మను పొరుగింటివాళ్ళకు అప్పగించి నడక సాగించింది.

అడవి మొదట్లో ఒక ముని పుట్ట పక్కన కూర్చుని తపస్సు చేస్తున్నాడు. సూరమ్మ దండం పెట్టి తన ఊరి కష్టం చెప్పింది. ముని కళ్ళు తెరిచి, నిన్న గుర్రం మీద వచ్చిన అమ్మాయికి చెప్పిందే నీకూ చెబుతాను అన్నాడు. ఆ మాటకే సూరమ్మ మొహం మాడిపోయింది.

కొండ మీద ధూమకేశి అనే రాక్షసి ఉందనీ, రుచిని లాక్కుపోయింది ఆమె చూపేననీ ముని చెప్పాడు. "మీ ఊరి మిరపకాయకే రుచి పోయాక అది కాలితే ఘాటు ఎక్కడిది? మీవాళ్ళు దగ్గు రాలేదు కనుక దిష్టి పోతోందనుకుని, బుట్టలు తగలేశారు. సముద్రం ఒడ్డున ఉప్పు, ఎర్రనేలలో మిరపకాయలు సంపాదించి, ఆ రాక్షసి చుట్టూ తిప్పి నిప్పులో వెయ్యి. ఘాటు రాకపోతే ఆమె పట్టు విడిపోతుంది. ఘాటు వచ్చిందా, తిప్పినవాళ్ళు రాయైపోతారు."

"మరి ఘాటు రాకుండా ఏం చెయ్యాలి సామీ?"

"నిన్నటి అమ్మాయి ఆ ప్రశ్న అడగలేదు" అని ముని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. జవాబు చెప్పకపోయినా, అచ్చాయమ్మ అడగనిది తాను అడిగినందుకు సూరమ్మకు అడవి పొడుగునా కాళ్ళ నొప్పి తెలియలేదు.

సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒకామె పిడత కింద పప్పు అమ్ముతోంది. మరమరాలూ వేయించిన పప్పులూ ఉల్లిపాయ ముక్కలూ కారమూ కలిపి, వాటి మీద నిప్పులున్న చిన్న పిడత పెట్టి, ఆ వెచ్చదనం దిగాక నిమ్మకాయ పిండి ఇస్తోంది. సూరమ్మ ఆమెకు ఉల్లిపాయలు తరిగిపెట్టి ఒక పొట్లం సంపాదించుకుంది. ఎన్నాళ్ళకో నాలిక మీద రుచి తగిలింది. కళ్ళు చెమర్చాయి. మరుక్షణమే, పిడత పెట్టాలన్న ఆలోచన నాకెందుకు రాలేదు అని కడుపు మండింది.

ఉప్పుమళ్ళ గట్టు మీద బండి చక్రమంత పీత ఒకటి కాపలా ఉంది. అబద్ధమాడేవాళ్ళ చేతిలో ఇక్కడి ఉప్పు నిలవదని చెప్పి, దేనికోసం వచ్చావని అడిగింది.

"మా అమ్మమ్మ కోసం" అంది సూరమ్మ. ఆమె అప్పటికే గుప్పెట్లోకి తీసుకున్న ఉప్పు నీరై వేళ్ళ సందున కారడం మొదలుపెట్టింది.

సూరమ్మ సిగ్గుతో తల దించుకుంది. "అమ్మమ్మ కోసమే. కానీ ఆ అచ్చాయమ్మకు నాకన్నా ముందు పేరు రాకూడదని కూడా."

కారడం ఆగింది. మిగిలిన ఉప్పు గులకరాళ్ళలా గట్టిపడింది. పీత తన పెద్ద కాలు ఎత్తి దారి ఇచ్చింది.

ఎర్రనేలలో ఒక తాత మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. కాయ గింజ తీయకుండా, చింతపండూ వామూ కూరి, సెనగపిండిలో ముంచి నూనెలో వదులుతాడు. నీళ్ళు తాగకుండా తిన్నవాళ్ళకే అక్కడ మిరపకాయలు ఇస్తారట. చేలో వాలిన చిలకలు వరసగా కూర్చుని వచ్చినవాళ్ళను చూసి నవ్వుతున్నాయి.

సూరమ్మ ఒక బజ్జీ తినేసరికి చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. ఇక చాలు అనుకుంటూ, గుర్రం మీద వచ్చిన అమ్మాయి ఎన్ని తిన్నదని తాతను అడిగింది.

"మూడు తినింది. తిని, నా చేతికి దండం పెట్టింది పాపం."

"నాకు నాలుగు పెట్టు" అంది సూరమ్మ.

నాలుగో బజ్జీ దిగేసరికి ఆమె ముక్కూ కళ్ళూ ఒకటే ధారగా ఉన్నాయి. చిలకలు నవ్వు ఆపి నోళ్ళు తెరుచుకుని చూశాయి. తాత దోసెడు మిరపకాయలు ఆమె కొంగున పోసి, ఇంత పట్టుదల దేని మీద అమ్మా అని అడిగాడు. మండే నాలిక బయటపెట్టుకునే ఆమె కొండ దారి పట్టింది.

కొండ కింద ఏరు అడ్డం వచ్చింది. ఒడ్డున ఒక ఎలుగుబంటి తాటి తేగలు కాల్చి అమ్ముతోంది. ఏరు దాటించేదీ అదే. సూరమ్మ మంట ఎగదోసి ఒక తేగ తీసుకుంది. ఆమె నార ఒలుస్తుండగా ఎలుగుబంటి, "నీకు ముందు వెళ్ళిన పిల్ల గుర్రం ఒంటరిగా తిరిగి వచ్చింది. కొండ మీద రాక్షసి కొట్టు ముందు కొత్త రుబ్బురోలు ఒకటి చేరింది" అని చెప్పింది.

సూరమ్మకు ముందు కడుపులో చల్లగా అయింది. నిజం దాచడం దేనికి, సంతోషమే వేసింది. తర్వాత ఆమె చేతిలోని తేగను చూసుకుంది. ఎందుకో మరి, అది నోటికి పోలేదు. ఎలుగుబంటికే తిరిగి ఇచ్చేసి ఏరు దాటింది.

కొండ దారి మలుపులో, మనిషి జాడ లేని చోట, తాటాకు పందిరి కింద ధూమకేశి కొట్టు ఉంది. పొగలాంటి జుట్టూ నోటి బయటికి పొడుచుకొచ్చిన కోరలూ ఉన్న ఆ రాక్షసి బండరాయంత పెనం ముందు కూర్చుని అట్టు వేస్తోంది. పందిరికి ఒక ఉట్టి వేలాడుతోంది, ఉట్టిలో మూత బిగించిన కుండ. పక్కన రుబ్బురోలు.

"ఈ రోలు నా అట్టు తిని, చాలా బాగుంది అవ్వా, పాపం ఒక్కదానివే ఉంటున్నావు, మా ఊరు వస్తే రోజూ నీ వంతు తీసిపెడతాం అంది" అని రాక్షసి ఎకసెక్కంగా చెప్పింది. "నాకు వంతు తీసిపెడుతుందట. ఉప్పూ మిరపకాయలూ తిప్పేసరికి కొండంతా దగ్గింది. కూర్చో. నువ్వూ తిని ఏమంటావో చూస్తాను."

మోదుగాకులో అట్టు వచ్చింది, మీద అల్లం పచ్చడి. సూరమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. అంచు కరకరమంది. నడుమ వెన్నలా కరిగింది. పచ్చడి ముందు తియ్యగా, తర్వాత పుల్లగా తగిలి, చివరికి గొంతులో వెచ్చగా నిలిచింది. ఆమె ఇంకో ముక్క తుంచింది. ఆపైన ఆకు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

"ఎలా ఉంది?"

"చెప్పను" అంది సూరమ్మ.

ధూమకేశి కనుబొమలు పైకి లేచాయి. "ఎందుకు చెప్పవు?"

"చెబితే నీకు పొగరెక్కుతుంది. ఇది మా ఊరివాళ్ళ దగ్గర దోచుకున్న రుచే కదా?"

"దొంగ రుచి నా పెనం మీద వెయ్యను" అంది రాక్షసి రోషంగా. "అది కుండలోనే ఉంది. ఇది నా చెయ్యి."

"అయితే మరీ అన్యాయం" అంటూ సూరమ్మ ఏడుపు మొదలుపెట్టింది. "పుట్టిన కాడ్నుంచీ పొయ్యి ముందే ఉన్నాను. అంచు ఇంత పలచగా నాకు ఒక్కనాడూ రాలేదు. పిండిలో ఏం కలిపావు? వద్దు, చెప్పొద్దు. చెబితే ఇంకా మండుతుంది. నీకెందుకు ఈ చెయ్యి, మనుషులు రాని కొండ మీద? నాకు రావాల్సింది." ఆమె రాక్షసి పెనాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎదురు కొట్టు వైపు ఎన్నేళ్ళో చూసిన చూపు అది.

పెనం మీద తర్వాతి అట్టు అంటుకుపోయింది. ధూమకేశి అట్లకాడతో లాగితే ముక్కలైంది. ఇంకో గరిటె పిండి పోసింది. అదీ అంటుకుంది. అన్నేళ్ళలో ఆమెకు ఒక్క అట్టూ చెడలేదు. ఆమె అట్లకాడ కింద పెట్టింది.

"నీ కన్ను తగిలింది" అంది నెమ్మదిగా. "నాకు దిష్టి తగిలిందా?"

సూరమ్మ ముక్కు చీదుకుని లేచింది. ఉప్పూ మిరపకాయలూ గుప్పెట్లో పట్టి ఆ కొండంత మనిషి చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. మిరపకాయలు ఎర్రబడి, నల్లబడి, బూడిదయ్యాయి. దగ్గు లేదు. తుమ్ము లేదు.

ధూమకేశి ఆ బూడిదనే చూస్తూ కూర్చుంది. తర్వాత కొండ అదిరేలా నవ్వింది. ఆ నవ్వులోనే కోరల పక్కనుంచి కన్నీళ్ళు కారాయి.

"సాయంత్రం అయితే మీ వీధి పొగ ఇక్కడికి కనిపించేది. అన్ని పొయ్యిల చుట్టూ జనం. నా పొయ్యి చుట్టూ ఎవరూ లేరు. చూసి చూసి నా కళ్ళు మండిపోయాయి. పొగిడేవాళ్ళు, జాలిపడేవాళ్ళు వద్దు పిల్లా. నన్ను చూసి ఒక్కరు కుళ్ళుకుంటే చాలనుకున్నాను" అని ఉట్టి దించి కుండను ఆమె చేతికిచ్చింది.

సూరమ్మ కుండ ఎత్తుకుని దిగడం మొదలుపెట్టింది. రోలు సంగతి తనకూ రాక్షసికీ ఎలుగుబంటికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇక ఎదురు కొట్టు ఉండదు. అంతమందీ తన మూకుడు దగ్గరికే వస్తారు. మలుపు దాకా వెళ్ళి ఆమె ఆగిపోయింది. ఎదురుగా ఎవరూ లేకపోతే తన పునుగులు బాగున్నాయో లేదో దేనితో పోల్చి చూసుకోవాలి? ఆ గారెల వాసన రాకపోతే తెల్లవారుజామునే లేచి పప్పు రుబ్బేది ఎందుకు?

వెనక్కి వచ్చి, "ఆ రోలు కూడా కావాలి" అంది.

"అది నీ పోటీదారు కదే?"

"అందుకే కావాలి. ఇంకో మాట. నీకు మేము వంతూ పెట్టం, జాలీ పడం. దమ్ముంటే వచ్చి నా పక్కన పెనం పెట్టు."

రాక్షసి అట్లకాడ కొంగున దోపుకుని, రోట్లో ఉప్పు రుబ్బితే రాయి మళ్ళీ మనిషవుతుందని చెప్పింది. సూరమ్మ మిగిలిన ఉప్పును రోట్లో పోసి పొత్రం తిప్పింది. అచ్చాయమ్మ నిద్ర లేచినట్టు లేచి, "నువ్వు వస్తావని నాకు తెలుసు సూరమ్మా" అంది. ఆ మాటకు సూరమ్మకు మళ్ళీ మండింది.

కుంకుమగిరిలో కుండ మూత తీయగానే వీధంతా ఒక్కసారి వాసనలు లేచాయి. సూరమ్మ మూకుడు పెట్టి మొదటి పునుగు అమ్మమ్మ నోట్లో పెట్టింది. ముసలమ్మ కళ్ళు మూసుకుని నమిలి మింగింది.

"ఉప్పు తక్కువైంది" అంది. "ఎదురు కొట్టు గారె కూడా ఒకటి తెప్పించవే."

సూరమ్మ పళ్ళు కొరుక్కుంటూ, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి తెచ్చింది.

రాజు ఆమెను పల్లకిలో ఊరేగించి, తలకు పాగా చుట్టి, అంగళ్ళ వీధి పాలన ఆమె చేతిలో పెట్టాడు. ధూమకేశి అట్ల కోసం జనం వీధి మలుపు దాకా బారులు తీరారు. ఊరేగింపు ఇంటి ముందు ఆగగానే, మంచం మీంచి లేచిన అమ్మమ్మ ఇంతమంది కళ్ళు పడ్డాయంటూ, ఎర్రనేల మిరపకాయలు మిగిలినవి తెచ్చి మనవరాలి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

ఘాటు రాలేదు.

ఎవరి కన్ను అయి ఉంటుందా అని సూరమ్మ చుట్టూ చూసింది. అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఎదురు కొట్టులో అచ్చాయమ్మ మాత్రం ఆమె పాగా వైపే చూస్తూ, చెయ్యి కడుపు మీద పెట్టుకుని, గబుక్కున తల తిప్పేసుకుంది. ఆమె మూకుట్లో గారె మాడుతోంది.

పిల్లలూ, సూరమ్మ ఆ వీధిని చాలాకాలం చక్కగా ఏలింది. రాజు పాగా చుట్టినరోజు ఎంతో సంతోషం వేసిందా అని ఎవరైనా అడిగితే, వేసింది కానీ పాగాకు కాదు అని చెప్పి, ఎదురు కొట్టు వైపు చూస్తూ పునుగులు తిప్పేది.