కంపెనీ ఒప్పుకోని కార్డు

"నెమలి బయల్దేరింది."

చెవిలో పెద్దాయన గొంతు వినగానే పిన్నీసు చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కౌంటర్ మీద పడింది. టైం నాలుగూ ఐదు.

పిన్నీసు అన్నది ఆమె కోడ్‌నేమ్. అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో పెద్దాయన ఒక్కడికే తెలుసు. ఇవాళ ఆమె లాప్‌టాప్ రిపేరు షాపులో మెకానిక్. నీలం ఏప్రన్, పవర్ లేని కళ్లద్దాలు, బుగ్గ మీద అతికించిన పుట్టుమచ్చ. షాపు ఓనరుని పొద్దున్నే బతిమాలి బయటికి పంపేశారు.

"మిషన్ ఇంకోసారి చెప్తాను."

"మూడుసార్లు చెప్పారు సార్."

"నాలుగోసారి విను. నెమలి ఆరేళ్లు మన మనిషే. పోతూ పోతూ మన ఏజెంట్ల కుటుంబాల లిస్టు పట్టుకుపోయింది. ఇళ్ల అడ్రసులు, పిల్లల స్కూళ్లు, బస్సు దిగే చోట్లు. ఇవాళ సాయంత్రం ఐదులోపు అది ఆ ఫైలు విదేశీ ముఠాకి పంపాలి. దాటితే బేరం లేదు."

"ఇప్పుడే పట్టుకోవచ్చు కదా?"

"పట్టుకుంటే కొనేవాడు తప్పించుకుంటాడు. రేపు ఇంకొకళ్ల దగ్గర కొంటాడు. ఫైలు కదలాలి. కానీ మన డబ్బాలోకి కదలాలి."

డబ్బా కౌంటర్ కింద సొరుగులో ఉంది. టిఫిన్ బాక్సంత ఉంటుంది. ఎదురుగా ఉన్న కాఫీ షాపు వైఫై పేరు పెట్టుకుని, అవతలి ముఠా సర్వర్‌లా నటిస్తుంది. నెమలి గదిలో రెండు రోజులుగా వైఫై జామ్ చేశారు. లాప్‌టాప్‌లో వైర్‌లెస్ కార్డు పోయిందని ఆమె నమ్మింది. ల్యాబ్‌లో తయారైన కొత్త కార్డు పిన్నీసు పెట్టాలి. అది డబ్బాతో తప్ప ఇంకే వైఫైతోనూ మాట్లాడదు.

"నీ బిడ్డ పేరున్న లిస్టు కోసం నిన్నే పంపడం రూల్స్ ప్రకారం తప్పు," అన్నాడు పెద్దాయన. "కానీ మన దగ్గర స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చింది నీకొక్కదానికే."

పదో తరగతి తప్పాక ఆమె ఐదేళ్లు ఇలాంటి షాపులోనే పని చేసింది. చేతులకి ఆ పని ఇంకా గుర్తుంది. లిస్టులో ముప్పై ఏడో పేరు ఆమె కూతురిది. నాలుగున్నరేళ్లు. పసుపు బస్సు. ఐదూ పావుకి మందుల షాపు ముందు దిగుతుంది.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత నెమలి వచ్చింది. ఆకుపచ్చ సిల్కు, నల్ల కళ్లద్దాలు.

"వైఫై తెగిపోతోంది. ఎంతసేపు పడుతుంది?"

"కార్డు మార్చాలి మేడం. పావుగంట."

"నా ఎదురుగానే చెయ్యి."

నెమలి స్టూలు లాక్కుని కూర్చుంది. పిన్నీసు లాప్‌టాప్ బోర్లించి కింది మూత ఊడదీసింది. ముందు బ్యాటరీ కనెక్షన్ తీసింది. బొటనవేలి గోరంత కార్డు. దాని మీద రెండు సన్నటి వైర్లు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. అవే దాని చెవులు. వైర్లు పైకి లేపింది. ఉన్న ఒక్క స్క్రూ తీయగానే కార్డు ఏటవాలుగా లేచింది. కొత్తది దూర్చి, స్క్రూ బిగించి, వైర్లని ఒక్కొక్కటిగా నొక్కింది. టిక్. టిక్.

బ్యాటరీ మళ్లీ కలిపి పవర్ నొక్కింది.

నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ఈ కార్డుకి అనుమతి లేదు, తీసేయండి.

"ఏంటిది?" నెమలి గొంతు మారింది.

"ల్యాబ్‌లో పని చేసిందే!" చెవిలో పెద్దాయన అరిచాడు.

పిన్నీసు ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది. "కంపెనీ తాళం మేడం. తన లిస్టులో ఉన్న కార్డు పెడితేనే స్టార్టవుతుంది. ఒక్కో మోడల్‌కి ఒక్కో లిస్టు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లకి కూడా ఈ సంగతి తెలీదు."

"అయితే పాతదే పెట్టు. త్వరగా," అంది నెమలి.

టైం నాలుగూ నలభై. పాత కార్డు నిజానికి నిక్షేపంగా ఉంది. పెడితే అసలు కాఫీ షాపు వైఫైని పట్టేస్తుంది. ఫైలు నేరుగా ముఠాకి పోతుంది. ముప్పై ఏడో పేరు. పసుపు బస్సు. మందుల షాపు.

ఆమె చూపు రెండు వైర్ల మీద ఆగింది. చెవులు లేని కార్డుకి దూరపు మాట వినపడదు. పక్కనే నిలబడి చెప్తే వినపడుతుంది.

పాత కార్డు పెట్టి స్క్రూ బిగించింది. వైర్లని వాటి చోట్ల ఆనించింది కానీ నొక్కలేదు. పైన నల్ల టేపు అతికించి మూత బిగించింది.

"ఇందాక టిక్కుమంది," అంది నెమలి. "ఇప్పుడు అనలేదేం?"

పిన్నీసు వేళ్లు ఆగలేదు.

"కొత్తదానికే ఆ చప్పుడంతా మేడం. పాతది కాపురానికి అలవాటు పడిపోయింది, సర్దుకుంటుంది."

నెమలి మొదటిసారి నవ్వింది. "నీకు పెళ్లయినట్టుంది."

"అందుకే రిపేర్లొచ్చు."

లాప్‌టాప్ లేచింది. తెర మీద ఒకటే వైఫై కనిపించింది, కాఫీ షాపు పేరుతో, నిండు సిగ్నల్‌తో.

"షాపు వైఫై నేనెప్పుడూ వాడను," అంది నెమలి, తన తెలివికి తానే మురిసిపోతూ. "ఎదుటివాళ్లది చాలు." లాప్‌టాప్ ఎత్తుకుని తలుపు పక్కనున్న కుర్చీ దగ్గరికి నడిచింది. "నీ ముందు పాస్‌వర్డ్ కొడతాననుకున్నావా?"

సొరుగుకీ కుర్చీకీ మధ్య ఆరడుగులు.

నాలుగూ యాభై మూడు. ఫైలు కదిలింది. నలభై శాతం. నలభై రెండు. ఆగింది.

"విచిత్రంగా ఉందే," నెమలి భృకుటి ముడిచింది. "కాఫీ షాపుకి దగ్గరగా వస్తే సిగ్నల్ తగ్గడమేంటి?" లేవబోయింది.

"అయ్యో మేడం, కదలకండి!" పిన్నీసు దాదాపు కేకేసింది. "స్క్రూ ఒకటి పడిపోయింది. తొక్కితే చెప్పులో దిగుతుంది."

సొరుగు లాగి డబ్బాని ఏప్రన్ జేబులో దోపుకుంది. నేల మీద మోకాళ్ల మీద పాకుతూ, లేని స్క్రూ కోసం అరచేత్తో నేలంతా తడుముతూ కుర్చీ దాకా వచ్చింది.

"కాళ్లు కొంచెం తీయండి మేడం."

"ఛీ, జరుగు."

"ఒక్క నిమిషం మేడం. అది లేకపోతే మా ఓనరు నన్ను తినేస్తాడు."

ఫైలు మళ్లీ కదిలింది. యాభై. డెబ్బై. నెమలి చెప్పు మొనకి జానెడు దూరంలో పిన్నీసు తల ఉంది. ఇంట్లో మంచాల కింద బంతుల కోసం ఎన్నిసార్లు పాకిందో లెక్కలేదు, కానీ ఇంత మెల్లగా ఎప్పుడూ పాకలేదు. గోడ గడియారం చప్పుడు తలలోనే కొట్టుకుంటున్నట్టుంది. ఎనభై ఎనిమిది. తొంభై ఆరు.

నాలుగూ యాభై తొమ్మిదికి నెమలి గట్టిగా ఊపిరి వదిలి లాప్‌టాప్ మూసింది.

"పంపేశాను," అంది తనలో తాను.

"అందింది," అన్నాడు చెవిలో పెద్దాయన. "కొనేవాడి అడ్రసుతో సహా. ఒక్క పేరూ బయటికి పోలేదు. లే అమ్మా, ఇంక లే."

బయట నీళ్ల క్యాన్లు దించుతున్న ఇద్దరు క్యాన్లు వదిలేసి లోపలికొచ్చారు. నెమలి వాళ్ల చేతుల్లోని బేడీల వంక చూసింది. తర్వాత నేల మీద కూర్చునే ఉన్న మెకానిక్ వంక చూసింది.

"నిన్నెక్కడా చూసిన గుర్తు లేదే. ఏ బ్యాచ్?"

"బ్యాచ్ లేదు మేడం. టెన్త్ ఫెయిల్."

పిన్నీసు డబ్బాని నీళ్ల క్యాన్లవాడి చేతిలో పెట్టి, ఏప్రన్ విప్పకుండానే రోడ్డు మీదికి పరిగెత్తింది. ఐదూ పద్నాలుగుకి మందుల షాపు ముందు నిలబడింది. ఐదూ పదిహేడుకి పసుపు బస్సు ఆగింది. ఆ మూడు నిమిషాల్లో ఆమె వచ్చే ప్రతి మనిషినీ, పోయే ప్రతి మనిషినీ చూసింది.

బస్సు మెట్టు మీద నుంచే కూతురు చెయ్యి చాపి ఆమె ముఖం తడిమింది.

"అమ్మా, ఈ మచ్చ నీది కాదు కదా?"

డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వేషాన్ని ఆరేళ్లు గూఢచర్యం చేసిన నెమలి పట్టలేకపోయింది. ఎల్‌కేజీకి రెండు సెకన్లు పట్టింది.