ఎండ్రకాయ ఖాళీ చేసిన బొక్క

"జెస్సికా! గట్టుకి బొక్కలున్నాయేమో చూస్తున్నావా, ఆకాశం చూస్తున్నావా?" మడవ దగ్గర కాలువ నీళ్లు మడిలోకి మళ్లిస్తున్న నాన్న సొలొమోను కేకేశాడు.

"గట్టే చూస్తున్నా నాన్నా!" అంది జెస్సికా. నిజానికి ఆమె చూస్తున్నది ఎండ్రకాయని.

ఆ మధ్యాహ్నమే వాళ్ల శివారు ఊరికి కాలువ నీళ్లు వచ్చాయి. బెజవాడ బ్యారేజీ దగ్గర పరుగెత్తుతూ బయల్దేరిన నీళ్లు ఇక్కడికి చేరేసరికి ముసలివైపోయి, చేతికర్ర పట్టుకుని నడుస్తాయి. నమ్మకపోతే మీ ఇష్టం. చీకటిపడేదాకా సొలొమోను వంతు. ఆ తర్వాత, అందరికంటే ఆఖరున, కింది మడి మణెమ్మ వంతు.

ఈ ఏడు వానలు ముఖం చాటేశాయి. బోరు నీళ్లంటారా? వాటితో వండితే కూరలో ఉప్పు మర్చిపోయినా ఎవరూ కనిపెట్టలేరు! సముద్రం నేల కిందుగా ఊరివైపు పాకుతోంది. చుట్టుపక్కల చాలా పొలాలు రొయ్యల చెరువులైపోయాయి. రొయ్యలేమో ఓడెక్కి అమెరికా విందులకు పోతాయి. వాటి ఉప్పు మాత్రం ఇక్కడే కాపురం పెడుతుంది. ఇక నారుమడి బతకాలంటే ఈ వంతు నీళ్లే దిక్కు.

ఎండ్రకాయ ఎంతుందంటారా? కొండి చాపితే సైకిల్ చక్రం ఆగిపోయేంత! జెస్సికాకి నోరూరింది. బొక్కలో చెయ్యి పెట్టింది. అందలేదు. పుల్లతో తవ్వింది. ఇంకా తవ్వింది. చివరికి దొరికింది. డబ్బాలో వేసుకుని, నానమ్మ అమలమ్మకి చూపించాలని ఇంటికి పరుగెత్తింది.

బొక్క అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి నాన్న గట్టు మీద మోకాళ్లూని, బొక్కలో మట్టి కుక్కుతున్నాడు. సగం నారే తడిసింది. మిగతా సగం పొడిగా ఉంది. దానికి రావలసిన నీళ్లు మురుగు కాలువలో పడి సముద్రం దారి పట్టాయి.

నాన్న తిట్టలేదు. తిట్టడానికి ఓపిక కూడా లేదు. లేచి నడుం పట్టుకున్నాడు.

"పొద్దుపోయింది. మడవ కట్టెయ్యాలమ్మా."

"మనది సగమే తడిసిందిగా నాన్నా! మణెమ్మ మామ్మ ఇంకా రాలేదు. కాసేపు ఉంచుదాం."

"కాలువకి పైనున్నవాళ్లూ కాసేపనే అంటారు," అన్నాడు నాన్న నీరసంగా. "ఆమెకీ నారుంది కదా."

జెస్సికా పొడిగా ఉన్న సగం వైపు చాలాసేపు చూసింది. తర్వాత తనే పార అందుకుని, మట్టి వేసి మడవ కట్టింది. నీళ్లు మెల్లగా కిందికి కదిలాయి.

మణెమ్మ వచ్చేసరికి ఆమె గట్టు మీద జెస్సికా వంగి ఉంది. మోచేతుల దాకా బురద.

"ఏమే పిల్లా, మళ్లీ ఎండ్రకాయల వేటా? మీ మడి అటు కదే!"

"వేట కాదు మామ్మా. మీ గట్టుకి ఇక్కడో బొక్కుంది," అంటూ జెస్సికా ఇంకో బురదముద్ద తీసి అందులో కుక్కింది.