అంచు పట్టుకో

సమాధుల పండగనాడు ఆ ఊళ్లో చామంతుల వాసన సముద్రం వాసనని కూడా మింగేస్తుంది. కొరెంతిన్ పొద్దున్నే భార్య రోజెన్‌తో వెళ్లి, కూతురి సమాధి మీద తెల్ల చామంతుల కుండీ పెట్టి వచ్చాడు. మధ్యాహ్నం ఆమె వంటింట్లో అట్లు పోసే పనిలో పడింది. అతను రేవు పక్కన ఉన్న కాఫీ హోటల్‌కి బయల్దేరాడు. జేబులో మెత్తటి గుడ్డలో చుట్టిన పదిహేనో లూయీ రాజు వెండి నాణెం ఉంది. పాత నాణేల వ్యాపారి మతురిన్‌కి అది ఇచ్చి, బదులుగా ఇంకోటి తీసుకుందామని అతని ఆలోచన.

మతురిన్ భూతద్దం కంటికి బిగించి చూశాడు. చూసి, పకపకా నవ్వాడు.

“ఒరేయ్ కొరెంతిన్, నాణెం అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి అని ఊరందరి ప్రాణాలూ తోడేస్తావు కదరా! మరి నీ రాజుగారి చెంప మీద ఈ వేలెవరిది?”

“నోరు పారేసుకోకు. నా గదిలోకి రోజెన్ కూడా అడుగు పెట్టదు.”

“నా మీద ఎగురుతావేంరా, నువ్వే చూడు. బొటనవేలి ముద్ర, గీతలతో సహా. ఇది నాకొద్దు బాబూ, నీ దగ్గరే ఉంచుకో.”

వెండితో అదే చిక్కు. వేలి జిడ్డు అంటితే అప్పటికి ఏమీ కనబడదు. తుడిచేశాం, పోయిందనుకుంటాం. కొన్నేళ్లు గడిచాక అది గోధుమ రంగులో మెల్లగా పైకి తేలుతుంది. కొరెంతిన్‌కి ఇది కొత్త సంగతేం కాదు. అందుకే విసుగ్గా అద్దం లాక్కుని చూశాడు.

ముద్ర చాలా చిన్నది. అతని చిటికెన వేలి కొసంత కూడా లేదు.

అతను నాణేన్ని గుడ్డలో చుట్టుకుని లేచాడు. వెనక మతురిన్ పిలుస్తూనే ఉన్నాడు.

ఆ ఇంట్లో అంత చిన్న బొటనవేలు ఒక్కరికే ఉండేది. అన్నిక్. ఏడేళ్ల పిల్ల. చేతికి జామ్ ఉన్నా సరే, నాన్న గదిలోకి దూరి నాణేలు తీసి బల్ల మీద బొంగరాల్లా తిప్పేది. విత్తనాలు చల్లే అమ్మాయి బొమ్మ ఉన్న ఐదు ఫ్రాంకుల నాణెమంటే దానికి మరీ ఇష్టం. అది గిర్రున తిరిగి, తిరిగి, గలగలమంటూ పడిపోతుంటే చప్పట్లు కొట్టేది. కొరెంతిన్ గుమ్మంలోంచే అరిచేవాడు: “అంచు పట్టుకో!” పిల్ల ముఖం చిన్నబోయేది. ఆ వెంటనే అతను ఆ నాణేలన్నీ స్పిరిట్‌లో కడిగేవాడు.

ఆ పిల్ల జ్వరంతో పోయి పన్నెండేళ్లయింది. తల్లికి గౌన్లు మిగిలాయి, జుట్టు రిబ్బన్లు మిగిలాయి. అతని గదిలో పిల్ల గుర్తు ఒక్కటీ లేదు. ఉన్నవాటిని తన చేత్తోనే కడిగేసుకున్నాడు మరి.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. వంటింటి బల్ల మీద రోజెన్ గిన్నెడు పాలు, అట్లు పెట్టి, పొయ్యిలో లావుపాటి దుంగ వేసి, బయటికొచ్చి ఆ గది తలుపు మూస్తోంది. ఏటా ఈ రాత్రి పోయినవాళ్లు వస్తారు. చలి కాచుకుని, తిని పోతారు. తెల్లవారేదాకా ఆ తలుపు తీయకూడదు, వాళ్లు తింటుంటే చూడకూడదు. రోజెన్ వాళ్లమ్మ చెప్పిందీ అదే, ఆవిడకి వాళ్లమ్మ చెప్పిందీ అదే.

“రోజెన్, ఒకసారి నా గదిలోకి రా.”

“ఏం, మళ్లీ ఏ రాజుగారు దిగారు?” అందామె. అతని ముఖం చూశాక చేతులు తుడుచుకుని వెంట నడిచింది.

దీపం కింద ఆ ముద్ర చూసి రోజెన్ దీపాన్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. తర్వాత ఇద్దరూ బీరువా సొరుగులు లాగారు. ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద వరసగా వెండి నాణేలు. ఒకదాని మీద ముద్ర. పక్కదాని మీదా ముద్రే. నెపోలియన్ గడ్డం మీద ఒకటి, విత్తనాలు చల్లే పడుచు చేతి మీద ఇంకోటి. రోజెన్ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. “చూడు, చూడు, ఇక్కడ దాని మచ్చ... కత్తితో వేలు తెగింది కదా, ఆ గీత!” పన్నెండేళ్లలో ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

కింది సొరుగు తీసింది రోజెనే.

ఆ సొరుగులోవన్నీ పిల్ల పోయాక కొన్నవి.

వాటి మీద కూడా ముద్రలున్నాయి. అదే బొటనవేలు, అదే తెగిన గీత. కాకపోతే కాస్త పెద్దది. తర్వాతి వరసలో ఇంకాస్త పెద్దది. చిట్టచివరిది ఈ వేసవిలో కొన్నాడు. రోజెన్ తన బొటనవేలిని ఆ ముద్ర పక్కన పెట్టింది.

రెండూ సమానంగా ఉన్నాయి.

“పెరుగుతోంది...” అంది రోజెన్ గుసగుసగా. “మన పిల్ల పెరుగుతోంది.”

దీపం ఒకసారి సన్నబడి మళ్లీ వెలిగింది. ఎక్కడినుంచో కాగిన పాల వాసన వచ్చింది.

అప్పుడు వినిపించింది.

గిర్ర్... మని వెండి బల్ల మీద తిరుగుతున్న చప్పుడు. మెల్లగా నెమ్మదించి... గలగలమంటూ పడింది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ... గిర్ర్.

మూసిన వంటింట్లోంచి.

కొరెంతిన్ లేచాడు. రోజెన్ అతని చొక్కా పట్టుకుంది.

“వద్దు. చూడకూడదు.”

“చూడను. ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను.”

“ఏం మాట?”

“ముట్టుకో తల్లీ, అన్నీ నీవే అని. అంతే... ఆ ఒక్క మాటా చెప్పాలి రోజెన్. అప్పుడు చెప్పలేదు.”

ఆమె చొక్కా వదిలేసింది. “నిదానంగా చెప్పు. దానికి పెద్ద గొంతంటే భయం.”

నడవా చీకటిగా ఉంది. తడిసిన చామంతుల వాసన గుప్పున కొట్టింది. కొరెంతిన్ గోడ పట్టుకుని నడుస్తూ ఆ మాటే వల్లె వేసుకున్నాడు. ముట్టుకో తల్లీ, అన్నీ నీవే. ముట్టుకో తల్లీ... తలుపు పిడి మంచులా ఉంది. తోశాడు.

పొయ్యి వెలుగు. సగం ఖాళీ అయిన పాలగిన్నె. బల్ల దగ్గర, అటు తిరిగి, ఎవరో కూర్చుని ఉన్నారు. పొడుగాటి జుట్టు. తడి జుట్టు. ఎదురుగా బల్ల మీద నాణెం తిరుగుతోంది... తిరుగుతోంది... ఒరిగింది... పడింది.

ఒక చెయ్యి ముందుకు వచ్చింది. పాలతో తడిసిన బొటనవేలు, నాణెం ముఖం మీద, గట్టిగా ఆనింది.

“అంచు పట్టుకో!”

ఆ అరుపు ఎవరిదో అతనికి తెలియలేదు. తనదే. నలభై ఏళ్ల అలవాటు నోట్లోంచి దూకేసింది.

చెయ్యి ఉలిక్కిపడింది. భుజాలు ముడుచుకున్నాయి, సరిగ్గా అప్పటిలాగే. పొయ్యిలో దుంగ విరిగి మంట అణిగిపోయింది. మళ్లీ వెలుగు వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

“తల్లీ... తల్లీ, కాదమ్మా... నేను అనాలనుకున్నది అది కాదు...”

వంటింట్లో ఎవరూ లేరు. కొరెంతిన్ ఆ నాణేన్ని తీసి పిడికిట్లో బిగించి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. చాలాసేపటికి రోజెన్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అతను నోరు తెరవబోయాడు.

“చెప్పక్కర్లేదు,” అందామె. “విన్నాను.”

తెల్లారాక రోజెన్ భూతద్దం పట్టుకుని సొరుగులన్నీ వెతికింది. ఒక్క ముద్ర లేదు. పైసొరుగులోవి లేవు, కిందవి లేవు. లూయీ రాజు చెంప తళతళ మెరిసిపోతోంది. ఎవరో రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటీ కడిగినట్టుంది. ఆమె అద్దం బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కొరెంతిన్ దగ్గరికి వెళ్లబోయి, ధైర్యం చాలక ఆగిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది, రాత్రి నుంచి తన పిడికిలి ఇంకా తెరవలేదని. వేళ్లు కొయ్యబారిపోయాయి. రెండో చేత్తో ఒక్కో వేలూ విప్పాడు.

విత్తనాలు చల్లే పడుచు. ఇటు శుభ్రంగా ఉంది, అటు శుభ్రంగా ఉంది. తిప్పి అంచు చూశాడు.

అంచు మీద ఎదురెదురుగా రెండు మరకలున్నాయి, ఎవరో వేళ్ల మధ్య ఎంతో జాగ్రత్తగా పట్టుకున్నట్టు. ఇంకా తడిగానే ఉన్నాయి. పాల వాసన వస్తోంది.