కూత పడని రోజు

ఆ రోజు కూడా ఏడు గంటల కూత పడింది. గనిని బాయి అనీ, బాయి మీది సైరన్ని కూత అనీ పిలిచే గోదావరిఖని కాలనీల్లో గోడ మీద గడియారం ఉన్నా దాన్ని చూసేవాళ్లు తక్కువ. కూతకు లేస్తారు, కూతకు పొయ్యి వెలిగిస్తారు, కూతకే పిల్లల్ని బడికి తరుముతారు. సకల జనుల సమ్మె మొదలై పంతొమ్మిది రోజులైంది. బొగ్గు కోసం బాయిలోకి ఒక్క మనిషీ దిగడం లేదు, కూత మాత్రం వేళ తప్పకుండా పడుతూనే ఉంది. నల్లా కింద బిందె పెట్టిన సువార్త అలవాటుగా "ఏడైంది" అనుకుంది.

ఇంట్లో అత్త సారవ్వ అప్పటికే తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని చెప్పులు వెతుక్కుంటోంది.

"ఎటు పోతున్నవ్ అత్తమ్మా, గింత పొద్దుగాల?" తెలిసి తెలిసి అడిగింది సువార్త.

"రోడ్డు మీదికి. ఇయ్యాల వంటావార్పు మన కాలనీదే గద. పిల్ల ఒక్కతే పొయ్యిరాళ్లు మోసుకుంటదాయె."

"పిల్ల అంటవేంది? ప్రెసిడెంటమ్మ అను."

సారవ్వ కోడలి ముఖంలోకి ఒకసారి చూసింది. ఆ ముఖంలో ఏముందో జూన్ నెల నుంచి ఆమెకు తెలుసు. చెప్పులేసుకొని వెళ్లిపోయింది.

పిల్ల అంటే రెజీనా. సారవ్వ కూతురు, సువార్తకు ఆడబిడ్డ, రెండు గల్లీల అవతలే కాపురం. సువార్త ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజుల్లో రెజీనా అయిదో తరగతి. దానికి జడలేసింది సువార్తే, పొయ్యి వెలిగించడం నేర్పింది సువార్తే, పెళ్లిలో చీర కుచ్చిళ్లు పెట్టింది కూడా ఆమే. మొన్న జూన్‌లో కాలనీ మహిళా సంఘాలన్నిటికీ కలిపి అధ్యక్షురాలి ఎన్నిక వచ్చినప్పుడు, పన్నెండేళ్లుగా ఆ సంఘాల కోసం తిరిగిన సువార్తను కాదనేవాళ్లు ఉండరనే అందరూ అనుకున్నారు. ఆఖరి రోజున రెజీనా కూడా పేరిచ్చింది. ఇంటర్ చదివింది, కాగితాలు గడగడా చదువుతుంది, మైకు పట్టుకుంటే తడబడదు. సువార్త చదువు ఏడో తరగతితో ఆగింది. చీటీలు లెక్కపెడితే రెజీనాకు డెబ్బై, సువార్తకు అరవై రెండు.

ఓడిపోయినందుకు కాదు, ఎవరి చేతిలో ఓడిపోయిందో అందుకు సువార్త కడుపు మండింది. పరాయి మనిషి గెలిస్తే ఓ వారం ఏడ్చి మర్చిపోయేది. తన చేతుల మీద పెరిగిన పిల్ల కుర్చీలో కూర్చుంటే, తను కింద చాప మీద కూర్చొని చప్పట్లు కొట్టాలా? అప్పటి నుంచి మీటింగులకు పోవడం మానేసింది. సమ్మె శిబిరం వైపు కూడా తొంగి చూడలేదు. ఇంట్లో కూర్చొని ఆ ఎనిమిది ఓట్లు ఎవరెవరివో వేళ్ల మీద వెతుక్కోవడమే ఆమె పని అయింది. మొదటి వేలు ఎప్పుడూ అత్త దగ్గరే ఆగేది.

నిన్న సాయంత్రం రెజీనా ఆటోలో మైకు పెట్టుకొని గల్లీ గల్లీ తిరిగింది. "అక్కలారా, అవ్వలారా! రేపు తొమ్మిది కూత పడంగనే ఇంటికో గిన్నె, ఇంటికిన్ని బియ్యం పట్టుకొని ఒక్కపారే రోడ్డు మీదికి రావాలె. కూత పడకముందు ఎవ్వలు కదలొద్దు. ఒక్కొక్కలు వస్తే పోలీసోళ్లు మూలమీదనే ఆపుతరు. అందరం ఒక్కసారి లేస్తే ఎవ్వలు ఆపరు!" రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ కలిసి తినడం తెలంగాణ కోసం జరుగుతున్న పోరాటంలో ఊరూరా చేస్తున్నదే. పొయ్యి చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటే పోలీసులు కూడా వెనకా ముందూ ఆడతారు. ఆటో ప్రతి మలుపులోనూ ఆగింది, సువార్త ఇంటి ముందు మాత్రం ఆగలేదు.

ఎనిమిది దాటింది. ఎదురింటి సదయ్య భుజాన తువ్వాలతో గల్లీలోకి వచ్చాడు. బాయి మీద కూత వేసేది అతనే. అత్యవసర డ్యూటీ అని ఇన్నాళ్లూ అతన్ని సమ్మె నుంచి మినహాయించారు.

"ఏంది సదన్నా, డ్యూటీ ఇడిచిపెట్టి వస్తున్నవ్?"

"నేను గూడ సమ్మెలకొచ్చిన చెల్లె. అందరు బయటికొచ్చినంక నేనొక్కన్ని ఎవలి కోసం కూత ఏసుడు? మనసొప్పలే. ఏడు కూత ఏసి, తాళంచెవి ఆఫీసర్ చేతిల పెట్టి వచ్చిన. ఇగ తొమ్మిది కూత లేదు, ఏ కూత లేదు. నిద్ర ముంచుకొస్తుంది, జర పంట."

సదయ్య తలుపేసుకున్నాడు. సువార్త బిందె చేత్తో పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. తొమ్మిది కూత లేదు. ఆ కూత వింటేనే కదలమని కాలనీ మొత్తానికి మైకులో చెప్పింది రెజీనా. ఈ సంగతి ఇప్పుడు ఈ గల్లీలో తనకొక్కదానికే తెలుసు.

ఒక్క ఫోన్ చాలు. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. తీసుకొని, నొక్కకుండా, బియ్యం డబ్బా మీద పెట్టి చాయ్ పెట్టుకుంది. గడప మీద కూర్చొని ఊదుకుంటూ తాగింది. చాలా రోజుల తర్వాత చాయ్ తియ్యగా అనిపించింది.

తొమ్మిదైంది. కూత పడలేదు. గిన్నెలు, బియ్యం మూటలు ముందు పెట్టుకొని ఆడవాళ్లు గుమ్మాల్లో చెవులు రిక్కించి కూర్చున్నారు. పక్కింటి మల్లక్క గోడ మీంచి తల పెట్టింది.

"సువార్తా, కూత పడ్డదా?"

"నాకైతే ఇనబడలే."

అందులో అబద్ధం లేదు. ఆ సంగతి గుర్తు చేసుకొని సువార్త లోపల్లోపల నవ్వుకుంది కూడా.

"పడలేదంటే ఆగుమన్నట్టే గావచ్చు," అంది మల్లక్క, మళ్లీ గుమ్మంలో కూర్చుంటూ.

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. రెజీనా. ఆగి మళ్లీ మోగింది. మూడోసారి కూడా మోగింది. 'మైకుల మాట్లాడినంత సులువనుకున్నవా బిడ్డా, మందిని కూడగట్టుడు?' అనుకుంటూ సువార్త ఫోన్‌ను బోర్లా తిప్పింది.

పదిన్నరకు సామ్యేల్ వచ్చాడు. సువార్త భర్త, ఇరవై ఏళ్లుగా బొగ్గు నింపే కార్మికుడు, గట్టిగా మాట్లాడటం తెలియని మనిషి. అంగీ చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఏమైంది సువార్తా గీ కాలనీకి? ఒక్క ఆడమనిషి రాలే. మూలమీద పోలీసోళ్లు ఎవ్వల్ని ఇటు రానిస్తలేరు, నేనే సందుల పడి వచ్చిన. అవ్వ, రెజీనా ఇద్దరే ఇరవై పొయ్యిల మీద ఎసరు పెట్టుకొని కూసున్నరు. పన్నెండింటికి రోడ్డు ఖాళీ చేపిస్తమని పోలీసోళ్లు చెప్పిండ్రు. ఆడోళ్లు లేకుంటే మమ్ముల ఎత్తి వ్యానుల ఏసుడు ఎంతసేపు?"

"నన్నేం అడుగుతున్నవ్? మీ ప్రెసిడెంటమ్మను అడుగు."

"అందరు కూత కోసం చూస్తున్నరట. కూత ఎందుకు పడలేదో..."

ఆ మాటలకు ఎదురింటి తలుపు తెరుచుకుంది. సదయ్య కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చాడు. "కూత ఎక్కడిది తమ్మీ? నేను సమ్మెలకొచ్చిన. పొద్దుగాల్నే సువార్తకు చెప్పిన గద."

సామ్యేల్ భార్య వైపు తిరిగాడు. "నీకు ఎరుకనా?"

సువార్త తల దించుకోలేదు. నాలుగు నెలల మంట ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది.

"ఎరుకనే! ఎరుకుండే చెప్పలే! ఎందుకు చెప్పాలె? నిన్న నా ఇంటి ముంగట ఆటో ఆపిందా నీ చెల్లె? గెలిచి నాలుగు నెలలాయె, వదినె, గిది ఎట్ల చెయ్యాలె అని ఒక్కపారి అడిగిందా? అర్ధరాత్రి నొప్పులొస్తే దవాఖానకు తోల్కపోయింది నేను. రేషన్ కార్డు కోసం ఆఫీసుల చుట్టు తిరిగింది నేను. ఓట్లు మాత్రం దానికి! నా చేతి అన్నం తింటున్న మీ అవ్వ గూడ దానికే ఏసింది!"

"ఏసి ఉంటది. కన్నబిడ్డ గద," అన్నాడు సామ్యేల్ నెమ్మదిగా. "గానీ నీకు అరవై రెండు మంది ఏసిండ్రు సువార్తా. వాళ్లు గూడ గిన్నెలు ముంగటేసుకొని ఎదురు చూస్తున్నరు. గీ మల్లక్క నీకే ఏసింది. ముత్యం భార్య నీకే ఏసింది. పంతొమ్మిది దినాలాయె, జీతం లేదు, అయినా ఇంట్లున్న బియ్యం మూట కట్టుకున్నరు. నువ్వు రెజీనా ఇజ్జత్ తీస్తున్న అనుకున్నవ్. పోయేది ఆమె ఇజ్జత్ ఒక్కటేనా?"

సువార్త జూన్ నుంచి తనకు తక్కువైన ఎనిమిది మందినే తలుచుకుంది. తనకు వేసినవాళ్ల ముఖాలు ఒక్క రోజైనా గుర్తు చేసుకోలేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది, తట్టగానే సిగ్గేసింది.

గోడ అవతల మల్లక్క అంతా విన్నది. కోప్పడుతుందనుకుంది సువార్త. మల్లక్క కోప్పడలేదు. గిన్నె చంకన పెట్టుకొని అడిగింది.

"తిట్టుకునుడు తర్వాత. ఇప్పుడు లేవాల్నా, వద్దా? గది చెప్పు."

సువార్త కొంగు నడుముకు చుట్టింది.

"లెవ్వుండ్రి! కూత లేదు, నేనే కూత అనుకోండ్రి!" అని అరుస్తూ గల్లీలో పరుగెత్తింది. ఏ తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుందో, ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరి ఇంట్లో యాభై మందికి వండే పెద్ద డేగిసా ఉందో ఆమెకు కొట్టినపిండి. "నువ్వు ఇంట్లనే ఉండు, పసిపిల్ల ఉంది. డేగిసా మాత్రం ఇయ్యి." "ముత్యం భార్యా, పప్పు పట్టుకో." మూడో గల్లీలో యమున గుమ్మంలోంచి నవ్వింది. ఎనిమిది మందిలో యమున ఒకతె అని సువార్తకు గట్టి అనుమానం.

"ఏంది అక్కా, ఓడిపోయినంక గూడ ప్రచారమేనా?"

ఇంకో రోజైతే ఆ మాటకు సువార్త వారం రోజులు అన్నం తినకపోయేది. "నీ ఓటు నువ్వే ఉంచుకో, బియ్యం పట్టుకొని జల్ది నడువు!" అంది. యమున నడిచింది.

పదకొండున్నర దాటేసరికి నూరు మందికి పైగా ఆడవాళ్లు నెత్తి మీద గిన్నెలతో ఒక్క గుంపుగా రోడ్డెక్కారు. మూలమీద ఉన్న పోలీసులు ఆపబోయి, అంతమందిని చూసి పక్కకు జరిగారు. రోడ్డు మీద కూర్చున్న మగవాళ్లు లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ పక్కన ఇరవై పొయ్యిల పొగలో రెజీనా ఒక రాయి మీద కూర్చొని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. వదినను చూసి లేచింది.

"ఫోన్ ఎందుకు ఎత్తలే వదినె?"

ఫోన్ చూసుకోలేదు అంటే సరిపోయేది, రెజీనా నమ్మేది. సువార్త నెత్తి మీది డేగిసా దించి, ఆమెకు ఎదురుగా నిలబడింది.

"కూత లేదని నాకు పొద్దుగాల్నే ఎరుక. సదన్న చెప్పిండు. నువ్వు నలుగురిల చులకన కావాల్నని చెప్పలే."

రెజీనాకు కోపం వచ్చింది, పోయింది, మళ్లీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నేను గూడ నిన్న నీ ఇంటి ముంగట ఆటో కావాల్ననే ఆపలే వదినె. నువ్వు బయటికొస్తే అందరు నీ మొకమే చూస్తరు. మైకు నా చేతిల ఉన్నా మాట నీదే ఇంటరు. గెలిచింది నేను, గానీ నిన్ను చూస్తే నాకు ఓర్వబుద్ధి గాదు."

"నా మీద నీకా?" నమ్మలేనట్టు అడిగింది సువార్త.

"ఇంకెవల మీద?"

"మీ ఇద్దరి ఓర్వలేనితనం చల్లగుండ," అని పొగలోంచి అరిచింది సారవ్వ. "ఎసర్లు ఇంకిపోతున్నయ్, బియ్యం పొయ్యుండ్రి!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఏడుస్తూనే వదినా ఆడబిడ్డలు కూడా నవ్వారు. నీళ్లు మళ్లీ పోశారు, బియ్యం పడ్డాయి, పప్పు పడింది.

పన్నెండింటికి ఎస్సై వచ్చాడు. పొయ్యిల మధ్య దారి చూసుకుంటూ నడిచి, ఆడవాళ్ల గుంపు ముందు ఆగాడు.

"టైమైంది. రోడ్డు ఖాళీ చెయ్యాలి. మీ లీడర్ ఎవరమ్మా?"

రెజీనా వెంటనే సువార్త వైపు చెయ్యి చూపించింది. ఈ ఒక్క చూపుడువేలు కోసమే సువార్త నాలుగు నెలలు నిద్ర లేకుండా దొర్లింది. ఆ చెయ్యి పట్టుకొని, మెల్లగా కిందికి దించి, రెజీనాను భుజాల దగ్గర పట్టి ముందుకు నిలబెట్టింది.

"ఈమె సార్ మా అధ్యక్షురాలు. మేమే గెలిపించుకున్నం."

"మరి నువ్వెవరు?"

"నేనా సార్? నేను ఓడిపోయినదాన్ని," అంది సువార్త. "గానీ అన్నం ఉడికి, అందరు తినేదాక ఈడికెళ్లి లెవ్వ."

ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. జూన్ నుంచి ఎవరడిగినా ఎనిమిది ఓట్లు తక్కువయ్యాయి అనేది, మోసం జరిగింది అనేది, ఓడిపోయాను అని మాత్రం అనలేదు. అన్న తర్వాత గొంతు ఎంత తేలికైందో ఆమెకే వింతగా తోచింది. ఎస్సై పొయ్యిల వైపు ఒకసారి చూసి పక్కకు జరిగాడు. సువార్త రెజీనా చేతిలోంచి గరిటె తీసుకొని, ఆమె పక్కనే పొయ్యి ముందు చతికిలబడి అన్నం కలియబెట్టింది.