మూడోసారి తీసిన ముక్కలు

పదకొండున్నరకు ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో ట్రేలో ఉన్న సీసా పావు తక్కువ పన్నెండుకి లేదు.

అందులో వజ్రాలేం లేవు. ఓ కార్మికుడి ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరలోంచి తీసిన నాలుగు ముక్కలున్నాయి. అతని ప్రాణం వాటి మీదే ఉంది. అతను పనిచేసే ఆస్‌బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీ మీద, ఆ దుమ్ముతో క్యాన్సర్ వస్తోందని అప్పటికే కేసు నడుస్తోంది. అందుకే పోలీసు ఇన్‌స్పెక్టర్ స్వయంగా ఆసుపత్రికి వచ్చాడు.

"మళ్ళీ తీయలేరా డాక్టరమ్మా?"

"రెండుసార్లు సూదితో బయాప్సీ చేశాం. సూదికి కళ్ళుండవు కదా, గుడ్డెద్దు చేలో పడ్డట్టే. జబ్బున్న చోట తగల్లేదు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరేమో తీసేకొద్దీ ఊరుతోంది. ఇవాళ పక్కటెముకల మధ్య రంధ్రం చేసి, కెమెరాతో చూసి మరీ తీశాం. ఇంకోసారంటే ఆయన తట్టుకోలేడు."

"టీబీ అయితే?"

"మందులతో లేచి కూర్చుంటాడు. క్యాన్సరైతే వైద్యం వేరు. ఏదో తెలీకుండా దేనికని మందివ్వను?"

ఆ గదిలోకి వెళ్ళింది ముగ్గురే. నర్సు, ఫ్యాక్టరీ మేనేజర్, పేషెంటు బావమరిది.

"లేబుల్ అంటించి పెట్టాను సార్. ఫోనొస్తే బయటికెళ్ళాను," అంది నర్సు.

"పలకరిద్దామని వచ్చాను. అది కూడా నేరమేనా?" అన్నాడు మేనేజర్.

"ఆ కవరేంటి?"

"పళ్ళు."

ఇన్‌స్పెక్టర్ కవరు బోర్లించాడు. పళ్ళే. దొంగ దొరికాడన్న ఉత్సాహం కాస్తా నీరుగారిపోయింది.

బావమరిది వరండాలో బెంచీ మీద కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతనిదీ అదే ఫ్యాక్టరీ. కళ్ళు ఎర్రగా వాచాయి. చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. పక్కనే అతని అక్క, పేషెంటు భార్య, కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ అతని పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు. చిత్రం! తన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. శవాల దగ్గర కూడా కంట తడి పెట్టని మనిషాయన. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తగ్గింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ మంట.

"డాక్టరమ్మా, ఆ ముక్కల్ని దేంట్లో వేస్తారు?"

"ఫార్మలిన్‌లో. చెడిపోకుండా ఉంటాయని. మూత తీస్తే చాలు, కళ్ళు మండిపోతాయి."

ఇన్‌స్పెక్టర్ అందర్నీ పిలిచాడు.

"మనమంతా ఇతను బావ కోసం ఏడుస్తున్నాడనుకున్నాం. మరి నాకెందుకొచ్చాయి కన్నీళ్ళు? ఆయన నాకేమన్నా బావా? జేబులోది తియ్యి."

తడి రుమాలు బయటికొచ్చింది. మడతల్లో నాలుగు ముక్కలు.

"సీసాలోది రుమాలు మీద ఒంపేసి, సీసా చెత్తలో పడేశాను. వీటిని మాత్రం... బావ ఒంట్లోవి సార్. పారేయడానికి చేతులు రాలేదు."

"అసలెందుకు తీశావ్?"

"ఆ దుమ్ములో ఉద్యోగం ఇప్పించింది నేనే. క్యాన్సరని తేలితే అక్క మొహం ఎలా చూడను? ముక్కల్లేకపోతే టీబీ అనుకుని మందులిస్తారనుకున్నా."

డాక్టర్ ముక్కల్ని కొత్త సీసాలో వేసింది. "తడారలేదు. పనికొస్తాయి," అంటూ ల్యాబ్‌కి పరుగెత్తింది.

అక్క లేచింది. చెంప పగలగొడుతుందనే అనుకున్నారంతా. ఆమె తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"పొద్దున థియేటర్‌లోకి వెళ్తూ మీ బావ ఏమన్నాడో తెలుసురా? 'దుమ్ము వల్లేనని తేలితే, ముందు నీ తమ్ముణ్ణి ఆ పని మాన్పించు' అన్నాడు."