ముంపు వర్షిత

పెన్సిల్ అయితే సగానికి విరిచి ఇవ్వొచ్చు. రొట్టె అయితే తుంచి ఇవ్వొచ్చు. పేరును ఎట్లా పంచుకుంటారు? విరిస్తే ‘వర్’ ఒకరికి, ‘షిత’ ఇంకొకరికి వస్తుంది. అట్లా ఎవరైనా పిలుస్తారా?

“వర్షితా!” అన్నారు కృష్ణయ్య సార్.

“ప్రెజెంట్ సార్!” రెండు గొంతులు కలిసి వచ్చాయి.

అయిదో తరగతి మొత్తం గొల్లుమంది. వర్షిత నవ్వలేదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక సార్ హాజరు తీసుకున్నప్పుడల్లా ఇదే తంతు. ఆ పిల్ల వచ్చినప్పటి నుంచి ఇంతే.

“ఇంటిపేరు కలిపి పిలుద్దామంటే ఇద్దరిదీ ‘క’నే. నేనేం జెయ్యాలె?” అని సార్ కూడా నవ్వారు.

ఆ పిల్ల పేరు కూడా వర్షితే. కొత్తగా కట్టిన రిజర్వాయర్ నిండుతోంది. వాళ్ల ఊరు అందులో మునిగిపోతోంది. అక్కడి నుంచి కొన్ని కుటుంబాలు ఈ ఊరికి వచ్చాయి. పంచాయతీ ఆఫీసు పక్కన కమ్యూనిటీ హాల్లో చీరలు అడ్డం కట్టుకుని ఉంటున్నాయి.

వర్షిత మనసులో కూడా ఆమెను పేరుతో అనుకోదు. ఎట్లా అనుకుంటుంది? అది తన పేరు. అందుకే ‘ఆ పిల్ల’ అనుకుంటుంది.

సార్ వాగుల పాఠం మొదలుపెట్టారు. “మీ ఊరి వాగు గురించి చెప్పు వర్షితా.”

వర్షిత గబుక్కున లేచింది.

“నువ్వు కాదు బిడ్డా. ఆ వర్షిత.”

లేచినంత తొందరగా కూర్చోలేకపోయింది. స్కర్టు బెంచీ మేకుకు తట్టుకుంది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ పిల్ల నిలబడి మెల్లగా చెప్పింది. “మా వాగుల పెద్ద బండ ఉండె సార్. దాని మీదికెళ్లి దునికి ఈత నేర్చుకునేటోళ్లం. వచ్చేటప్పుడు మా అమ్మ ఇంటికి తాళమేసింది. నీళ్లకు తాళమెందుకే అని మా నాయిన నవ్విండు. నవ్వుకుంటనే ఏడ్సిండు.”

స్నిగ్ధ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ పిల్లనే చూస్తోంది. స్నిగ్ధది వర్షిత బెంచీయే. ఒకటో తరగతి నుంచి వర్షిత బెంచీ. వర్షిత ఎన్ని కథలు చెప్పినా ఒక్కసారి కూడా అట్లా చూడలేదు.

‘మా ఊరు మునగలేదు. మునిగితే నన్ను కూడా ఇట్లాగే చూసేవాళ్లు.’

ఆ ఆలోచన వచ్చాక వర్షితకు భయమేసింది. నీళ్లలో అవ్వ కనిపించింది. తమ్ముడు రిత్విక్ కనిపించాడు. ‘మునగొద్దు, మునగొద్దు’ అని వెంటనే దాన్ని వెనక్కి తీసుకుంది. అయినా అది పూర్తిగా వెనక్కి రాలేదు. ఎక్కడో కొంచెం మిగిలింది.

ఆటల పీరియడ్‌లో నల్లా దగ్గర స్నిగ్ధ అడిగింది. “వర్షితా, మన ఆటలకు వర్షితను పిలుద్దామా?”

“ఏ వర్షితను?”

“గా వర్షితను.”

“గట్ల చెప్తె ఎట్ల తెలుస్తది? నేను ఉత్త వర్షిత. అది ముంపు వర్షిత.”

స్నిగ్ధ ఫక్కున నవ్వింది. పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు. ఆట అయిపోయేలోపు ఆ పేరు చిన్న తరగతుల దాకా పాకింది. “ముంపు వర్షిత! మునుగుతవా, తేలుతవా?” అని రెండో తరగతి పిల్లలు గంతులేశారు.

ఆ పిల్ల నల్లా కింద దోసిలి పట్టి నీళ్లు తాగుతోంది. దోసిలి విడిచేసింది. తడి చేత్తో మూతి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండు అనిపించింది వర్షితకు. అప్పుడు తను జాలిపడేది. ఏడవకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు.

బడి విడిచాక గేటు దగ్గర ఒక ఆటో ఆగింది. నడిపే తాత ఈ ఊరివాడు కాదు. లోపల మనుషులు కిక్కిరిసి ఉన్నారు.

“బిడ్డా, గీ బడిల వర్షిత ఎవలు?” అన్నాడు.

“నేనే.”

“ఇగో, పండ్లు పంపిండ్రు నీకు. పైలం, మాగినయి గూడ ఉన్నయి అండ్ల.”

యూరియా బస్తాతో కుట్టిన సంచి చేతికిచ్చి వెళ్లిపోయాడు. సంచి నిండా సీతాఫలాలు. ప్రతి ఏడూ ఈ దినాల్లో అమ్రాబాద్ మామ ఏదో ఒక బండిలో సీతాఫలాలు పంపుతాడు. వర్షిత సంచిని గుండెలకు హత్తుకుని నడిచింది. ఇవాళ అన్నిట్లో సగం సగమే దొరికింది. ఇదొక్కటి మాత్రం మొత్తం తనదే.

ఇంటి దగ్గర అవ్వ నర్సింగమ్మ పండ్లను ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

“మీ మామ పంపిండా? ఫోన్ చెయ్యలేదే? ఎప్పుడైనా ముందుగాల ఫోన్ చేస్తడు.”

“మర్చిపోయిండేమో.” ఆ మాట కొంచెం తొందరగా వచ్చింది.

“ఇవి సూడు, ఇంక కండ్లు గూడ దెరవలె. కండ్లు దెరిస్తెనే తెంపాలె సీతాఫలం. ఎవలో తరిమినట్టు తెంపిండ్రు.” అవ్వ గట్టి పండ్లను బియ్యం డబ్బాలో పూడ్చి పెట్టింది. అందులో అయితే తొందరగా మాగుతాయని.

మాగినవి వర్షిత, రిత్విక్ తిన్నారు. ‘ఏ వర్షితకు పంపారో?’ అని లోపల ఒక ప్రశ్న లేవబోయింది. వర్షిత ఇంకో పండు విప్పింది. పండు తియ్యగానే ఉంది. అయినా గబగబా తిన్నది, ఎవరో వచ్చి అడుగుతారన్నట్టు.

మర్నాడు ఆదివారం. బడి ముందర షామియానా వేసి గ్రామసభ పెట్టారు. బడి వెనక ఉన్న సర్కారు జాగ ఎవరికి ఇవ్వాలన్నది మాట. ఊరు మునిగి వచ్చినవాళ్లకా? ఊళ్లోనే ఇల్లు లేనివాళ్లకా? వర్షిత అవ్వ పక్కన చాప మీద కూర్చుంది. కమ్యూనిటీ హాలు వాళ్లు చాపల దాకా రాలేదు. వెనకాల గోడ దగ్గర నిలబడ్డారు.

వర్షిత బాపు మహేష్ లేచాడు.

“నేను వాళ్లను పొమ్మంటలేను. ఉండనీయిండ్రి. కానీ గీ జాగ కోసం మేము ఎన్నేండ్ల సంది తిరుగుతున్నం? వానొస్తె గా కిరాయి ఇంట్ల నా పిల్లలు బుక్కులు ఒళ్లె వెట్టుకొని కూసుంటరు. ముందుగాల మనోళ్లకు ఇయ్యిండ్రి. తర్వాత వాళ్లకు సూద్దాం.”

చాలామంది తలలు ఊపారు. బాపు చెప్పింది నిజమే. మొన్నటి వానకు వర్షిత లెక్కల పుస్తకం తడిసి ఉబ్బిపోయింది. వర్షితకు ఛాతీ నిండుగా అనిపించింది. ఎవరో ఒకరు తన గురించి కూడా మాట్లాడారు.

“మనోళ్లంటె ఎవలురా మహేషూ?” అవ్వ కూర్చున్న చోటు నుంచే అడిగింది. “నేను గీ ఊర్లె పుట్టిన్నా? నీ పెండ్లాము పుట్టిందా? గీడ కూసున్న ఆడోళ్లం శానమందిమి బయటి ఊర్ల నుంచి వచ్చినోళ్లమే.”

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

కిరాణా కొట్టు గుర్వయ్య ఊరుకోలేదు. “అత్తా, మీరు పెండ్లి చేసుకొని వచ్చిండ్రు. వాళ్లు డీసీఎం బండెక్కి వచ్చిండ్రు.”

“నేను గూడ బండెక్కే వచ్చిన్రా. నడ్సుకుంట రాలె.”

“అమ్మా, నవ్వులాట కాదే,” అన్నాడు బాపు.

“నవ్వులాట అని నేనన్ననా?”

ఇంతలో రోడ్డు మీద ఆటో ఆగింది. నిన్నటి ఆటోనే. గోడ దగ్గరి నుంచి ఆ పిల్ల వాళ్లమ్మ పోయి ఆటో తాతను ఏదో అడిగింది. మాటలు పెరిగాయి. తాత ఆటో దిగి షామియానా దాకా వచ్చేశాడు.

“నీ పెనిమిటి పర్వతాలు మీ ఊరి కాడ ఇచ్చిన సంచి నిన్ననే ఇచ్చినమ్మా, బడి కాడ! వర్షిత ఎవలంటె నేనే అన్నది.”

“మా బిడ్డకు అందలే భిక్షం తాతా.”

“అంటె నేను తిన్ననా? నా ఆటోల గిప్పటిదాక ఒక్క సామాను పోలె.” భిక్షం ఆ పిల్ల వైపు చూశాడు. నిన్న బడి దగ్గర అందరివీ ఒకే రకం యూనిఫాం డ్రెస్సులు. చీకటి పడే లోపు ఎన్ని ఊళ్లు తిరగాల్సి వచ్చిందో, ఆయన మొహం సరిగా చూసి ఉండడు. “గీ పిల్లకే ఇచ్చిన. గీమెనే.”

“నేను కాదు తాతా. నేను కాదు,” అన్నది ఆ పిల్ల.

“చూసిండ్రా!” గుర్వయ్య చేతులు చాపాడు. “పండ్లు మింగి లేదంటున్నరు. ఇంక జాగ ఇయ్యకముందే గిట్లుంటే, ఇచ్చినంక మన మీద ఏమేం చెప్తరో!”

“ముంపు వర్షిత ముంచింది!” అని ఎవరో పిల్లవాడు అరిచాడు. పెద్దవాళ్లు కూడా నవ్వారు.

“పిల్లలకు నిజం చెప్పుడు నేర్పాలె ముందుగాల,” అన్నాడు బాపు.

వర్షిత చెవులు వేడెక్కాయి.

ఆ పిల్ల వాళ్లమ్మ బిడ్డను దగ్గరికి లాక్కుంది. “పోనీ తియ్యి బిడ్డా. వచ్చినోళ్లం మనం. పండ్ల కోసం లొల్లెందుకు?”

“అవి కొన్నయి గాదమ్మా.” ఆ పిల్ల నేలవైపు చూస్తూ అన్నది. “మన వాకిట్ల చెట్టువి. నీళ్లు మొదట్లకు వచ్చినయని నాయిన ఊరికి వోయి పచ్చియి గూడ తెంపిండు. మల్ల ఏడుకు ఆ చెట్టు ఉండదు గదా.”

మళ్లీ అందరూ ఒకేసారి మాట్లాడారు.

అవ్వ మెల్లగా తల తిప్పి వర్షితను చూసింది.

నోరు మూసుకుంటే చాలు. వర్షితకు అది చాలా స్పష్టంగా కనిపించింది. ఊరంతా ఆ పిల్ల అబద్ధమాడిందని అనుకుంటుంది. వాళ్లకు జాగ ఇవ్వరు. తమకు ఇస్తారు. కొత్త ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని చదువుకోవచ్చు. వాన బయట పడుతుంది. స్నిగ్ధ మళ్లీ తన స్నిగ్ధ అవుతుంది. దీనికి తను ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

ఊరికే కూర్చోవాలనే చూసింది. కానీ కొత్త ఇంటి కిటికీ ఎంత ఊహించినా, బయట గోడకు ఆనుకుని ఆ పిల్లే కనిపిస్తోంది. ‘నేను కాదు, నేను కాదు’ అంటోంది. నిన్న గేటు దగ్గర ‘నేనే’ అనడానికి తనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

వర్షిత లేచింది. ఇంటికి పరుగెత్తింది. బియ్యం డబ్బా మూత తీసి మోచేతుల దాకా చేతులు ముంచింది. ఒకటి దొరికింది. ఇంకొకటి. వెతికి వెతికి అన్నీ తీసింది. నిన్నటి సంచిలోనే వేసుకుని వెనక్కి పరుగెత్తింది.

షామియానా దగ్గరికి వచ్చేసరికి బాపు మళ్లీ మాట్లాడుతున్నాడు. ఆ పిల్ల, వాళ్లమ్మ కమ్యూనిటీ హాలు వైపు వెళ్లిపోతున్నారు. అప్పటికే దూరం పోయారు. పిలవాలి.

ఏమని పిలవాలి? ‘ఏయ్’ అంటే ఆగదు. ‘ఆ పిల్ల’ అన్నది పిలిచే మాట కాదు. ఇంకో పేరు తను పెట్టిందే. దాన్ని తలచుకుంటేనే నోరు చేదయింది.

ఒకే మాట మిగిలింది. పుట్టినప్పటి నుంచి అందరూ తనను పిలిచిన మాట. తను మాత్రం ఎన్నడూ ఎవరినీ పిలవని మాట.

“వర్షితా!”

బాపు మాట మధ్యలో ఆగిపోయింది. బిడ్డ పేరు బిడ్డ గొంతులోనే వినిపించి వెనక్కి తిరిగాడు. సభ అంతా తిరిగింది. ఆ పిల్ల మాత్రం తిరగలేదు. ఆ పేరుతో తనను పిలుస్తారని అనుకోలేదు.

“వర్షితా! నిన్నే!”

ఈసారి ఆగింది. వర్షిత అందరి మధ్య నుంచి, బాపు ముందు నుంచే నడిచి వెళ్లింది. సంచిని రెండు చేతులతో చాపింది. చేతులకు బియ్యం డబ్బాలోని పిండి అంటి ఉంది.

“ఇవి నీయే. మాగినయి నేను తిన్న,” అన్నది, భిక్షం తాతకు కూడా వినిపించేటట్టు.