పదిహేడో స్లైడు

తులసి జాంబ్లోం పళ్లను పలుచటి గుడ్డలో వేసి పిండుతోంది. మన నేరేడే, ఈ ద్వీపంలో పేరు మారింది. మోచేతుల దాకా ఊదారంగు.

"నెల్లాళ్లుగా పిండుతున్నావు, ఒక్క సీసా జామైనా చేశావుటే?" అంది అంకమ్మ గుమ్మంలోంచి.

"తినడానికి కాదు పిన్నీ, ఆసుపత్రికి."

సూయెజ్ కాలువ మూతపడ్డప్పటి నుంచీ లేబొరేటరీకి రావలసిన అసలు రంగు ఎక్కడో ఓడల్లో చిక్కుకుపోయింది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను పలుచటి పొరగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, కణాల్లోని కేంద్రకాలకు రంగు పట్టిస్తేనే డాక్టరుకు జబ్బు జాడ తెలిసేది. తులసి ఈ రసంలో పటిక కలిపి మరిగించి చూసింది. రంగు పట్టింది. కాకపోతే అసలు రంగులా నీలం రాదు, ఊదా, అదీ మసకగా.

అంకమ్మ రొమ్ములోంచి తీసిన ముక్క నువ్వుగింజంత. ఒకే ఒక్క పొర వచ్చింది. "నా రసంతో డాక్టరుకి ఆనుతుందో లేదో. నువ్వేమైనా చెయ్యి జీనెట్" అని పోయిన ఆదివారం తులసే అడిగింది. లేబొరేటరీలో తనతో పనిచేసే జీనెట్‌కు ఆదివారం భోజనం ఈ ఇంట్లోనే. ఎర్రరంగు గోళ్లతో పులిహోర ముద్దలు కలుపుకుంటూ ఆమె "చూద్దాంలే" అని నవ్వింది.

బయట హారన్ రెండుసార్లు మోగింది.

కారులో మార్సెల్. పైకి బిస్కెట్ల కంపెనీ ఏజెంటు. నిజానికి సీక్రెట్ బ్యూరో చీఫ్.

"పళ్లు ఊరాయా?"

"ఉప్పు తక్కువైంది."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది.

"మామ్‌జెల్ తులసీ, మంగళవారం స్వాతంత్ర్యం, మన జెండా ఎగరాలి. ఆ రోజు హార్బర్ కాపలా ప్లాన్ దొంగిలించారు. మైక్రోడాట్ చేశారు. ఫుల్‌స్టాపంత ఫిల్ము. ఇవాళ ప్లేన్‌లో విదేశీ ముఠాకి పోతోంది."

"ఎలా?"

"మీ లేబొరేటరీ యూరప్ డాక్టరుకి పంపే స్లైడ్ల పెట్టెలో. మొత్తం నలభై. ఎందులో ఉందో తెలీదు. నాలుగింటికి ఫ్లైట్."

"జీనెట్‌ని అడగలేదా?"

"సెలవు పెట్టింది. అదే ప్లేన్‌లో పారిస్ పోతోందట. మన మనిషేగా, నిన్ను బ్యూరోకి తెచ్చిందే ఆమె."

ప్లెజాన్స్ ఎయిర్‌పోర్ట్. తులసి కస్టమ్స్ గుమాస్తా వేషంలో ఉంది, పక్కనే మార్సెల్. గోడ గడియారంలో నాలుగుకి పది తక్కువ. ఒక్కో స్లైడూ కిటికీ వెలుగుకు పట్టి చూసింది. ఊదా. ఊదా. మళ్లీ ఊదా.

పదిహేడోది నీలం.

మార్సెల్ పెన్ను మూత విప్పి ఇచ్చాడు. లోపల భూతద్దం. కేంద్రకాలు ఒక్కొక్కటీ విడివిడిగా, ముదురు నీలంగా కనిపించాయి. తన రసానికి చచ్చినా రాని నీలం. అసలు రంగు చుక్క కూడా మిగల్లేదని అందరికీ చెప్పింది జీనెట్టే. పొర అంచు కింద నలక లాంటి నల్లచుక్క. లేబుల్ మీద పేరు, ఊరు: అంకమ్మ, టేర్ రూజ్.

"ఇదే. చేసింది జీనెట్."

"పైగాజు తియ్యి. రుజువు లేకుండా ఫ్రెంచి పాస్‌పోర్ట్‌ని ఆపలేను."

"పైగాజు ఊడాలంటే పూటంతా మందులో నానాలి. ఇప్పుడు లాగితే పొర చిరుగుతుంది. మా పిన్నిది సార్. ఇంకో పొర లేదు."

"మూడు నిమిషాలుంది."

బయట ఇంజిన్లు అందుకున్నాయి. తులసి బ్లేడు దూర్చి ఎత్తింది. పైగాజుతో పాటే పొర పీలికలై లేచింది. చుక్క బ్లేడు మొనకు అంటుకుంది. మార్సెల్ లెన్సు పెట్టి చూశాడు. హార్బర్ గీతలు. పరుగు తీశాడు, వెనకే తులసి.

విమానం చివరి మెట్టు మీద, ఆకుపచ్చ గౌను వేసుకుని నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న జీనెట్ చెయ్యి దొరికింది.

ఆమె పెనుగులాడలేదు. తులసి చేతిలోని గాజుపలక వంక చూసింది.

"పిన్ని స్లైడు బాగా కుదిరింది కదూ?"

"రంగు ఎక్కడిది?"

"దాచుకున్న సీసా అడుగున చుక్కలు. డాట్ పదిహేడో నంబర్లో ఉండాలని వాళ్లతో ముందే మాట. ఆ నంబరు పిన్నికి పడింది." జీనెట్ కళ్లద్దాలు తీసింది. "ఊదాగానే వదిలేస్తే దొరికేదాన్ని కాదు. నువ్వు అడిగావుగా, మొద్దూ."

మార్సెల్ రిపోర్టు కారులోనే రాశాడు. ముఠా ఆటకట్టు, మనవైపు నష్టం, ఒక గాజుపలక. తులసి సంతకం చేసింది. కాగితం మీద ఊదా వేలిముద్ర పడింది.

ఇంటికొచ్చేసరికి అంకమ్మ పొయ్యి దగ్గర ఉంది. "పోయిందా నా స్లైడు ప్లేన్‌లో?"

తులసి చెప్పదగినవీ చెప్పకూడనివీ అన్నీ చెప్పేసింది. "మళ్లీ కోస్తారు పిన్నీ. చించింది నేనే."

అంకమ్మ పైట కింద కట్టు తడుముకుంది. "ఆ పిల్లని ఎక్కడ పెట్టారు?"

"పోర్ట్ లూయీ ఠాణాలో."

"తిందా?"

"తెలీదు."

అంకమ్మ అటక మీది క్యారియర్ దించి తుడిచింది. ఒక గిన్నెలో పులిహోర, ఒక గిన్నెలో పచ్చడి. ఖైదీకి ఇంటి భోజనం కూడదని బ్యూరో రూల్సులో ఉంది. తులసి తన ఊదా చేతులతోనే క్యారియర్ మూత బిగించింది. అంకమ్మ క్యారియరూ గొడుగూ అందుకుని, ఆరింటి బస్సుకి గడప దాటింది.